బోడిరాయి మీద నిలిచినవాడు

నీలశిఖర దుర్గం గోడ సరిగ్గా మూడువందల వేళ్ళ ఎత్తు. వేళ్ళు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చి కొలిచిన కొలత అది. నల్లరాతి వరసలు, వాటి మధ్య సీసం కరిగించి పోసిన అతుకులు, పైన నోళ్ళు తెరిచిన పులితలల బురుజులు. తూర్పు ఎండ పడితే గోడ గోడంతా నెమలిమెడలా నిగనిగలాడుతుంది. ఆ ఉదయం మాత్రం దాన్ని చూసి మురిసే తీరిక ఎవడికీ లేదు. గోడ కింద ఇరుకు కనుమలో, చీలమండ లోతు నెత్తుట్లో నిలబడి, రెండువందల ముప్పై ఏడో అంకభటుడి తొడనరం కోస్తున్నాడు రేచన.

అంకభటులంటే ధూమకంఠుడనే మాంత్రికుడు బూడిదలోంచి లేపిన సైన్యం. ఒక్కొక్కడి నుదుట ఒక ఇనుప బిళ్ళ, బిళ్ళ మీద ఒక అంకె. ఎంత అంకె అయితే వాడు అన్ని వేళ్ళ ఎత్తు. మొదటి వందమందినీ కొండమీది తన గుహకు కాపలా ఉంచుకుని, తెల్లవారగానే నూటొకటోవాణ్ణి కనుమలోకి వదిలాడు మాంత్రికుడు. వాడు మామూలు మనిషంత ఉన్నాడు. రేచన ఒక్క వేటుకు తల ఎగరగొట్టాడు. ఆ తల దొర్లుతూ దొర్లుతూనే "నూటరెండు" అని కేక పెట్టింది. కనుమ చివరి బూడిదగుంట బుసకొట్టి నూటరెండోవాణ్ణి కక్కింది. వాడు ముందువాడికంటే సరిగ్గా ఒక్క వేలు ఎత్తు. వాణ్ణి చంపితే వాడికంటే ఒక్క వేలు పొడవైనవాడు వచ్చాడు. అలా పొద్దెక్కేసరికి వచ్చేవాడు ఇద్దరు మనుషులను మించిపోయాడు.

తొడనరం తెగింది. రెండువందల ముప్పై ఏడోవాడు కూలుతూ కూలుతూ ఇద్దరు భటులను చెరో చేత్తో అందుకుని, తలకాయకు తలకాయ కొట్టి చంపి మరీ కూలాడు. రేచన వాడి రొమ్ము మీదికెక్కి గొంతులో కత్తి దించాడు. తెగిన గొంతులోంచే మాట బయటికి వచ్చింది.

"రెండువందల ముప్పై ఎనిమిది."

గుంట బుసకొట్టింది.

"నరకండి. ఎప్పటికో ఒకప్పటికి అయిపోతారు," అని గోడమీంచి అరిచాడు దండనాయకుడు కాచమరాజు.

"ఎప్పటికి, ప్రభూ?" అన్నాడు రేచన పక్కనున్న ముసలి భటుడు దుగ్గన. ఒంటికన్ను, ఏనుగు భుజాలు, ఎవరికీ లొంగని నోరు. "తమరికి తెలిసిన అన్నిటికంటే పెద్ద అంకె ఒకటి సెలవియ్యండి."

"కోటి."

"కోటోవాణ్ణి చంపామే అనుకోండి. వాడు చస్తూ కోటీ ఒకటోవాణ్ణి పిలుస్తాడు. ఎంత పెద్ద అంకె చెప్పినా దాని తరువాత ఇంకొకటి ఉండనే ఉంటుంది ప్రభూ. అంత దాకా ఎందుకు, మూడువందలోవాడు లేస్తే చాలు. ఈ గోడంత ఉంటాడు. చేయి వేసి గోడ ఎక్కి ఊళ్ళోకి దిగుతాడు."

గోడ వెనక ఇరవై వేలమంది ఉన్నారు. ఎదుటి అంకభటుణ్ణి చంపకపోతే వాడు చంపుతాడు, చంపితే ఇంకొకడు పెరిగి వస్తాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

దుగ్గన రేచన భుజం పట్టి పక్కకు లాగాడు. "ఒరే రేచా, పైకి పోతే అంతు లేదు. కిందికి పోతే ఉంటుంది. రెండువందల ముప్పైఎనిమిదికి ముందు ముప్పైఏడు, దానికి ముందు ముప్పైఆరు. అలా దిగుతూ పోతే ఒకటి. ఆ ఒకటోవాడు కొండమీదున్నాడు. వాణ్ణి నలిపేస్తే ఈ పిలుపు ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. పద."

రేచన మారు మాట్లాడకుండా కదిలాడు. దానికి కారణం ఉంది.

నీలశిఖర గోడమీద పహరా రాళ్ళు మూడువందలు. రాయికొక భటుడు. ప్రొద్దుటి వరసపిలుపులో ఏ భటుడూ తన అంకె తాను చెప్పుకోడు, తన తరువాతివాడి అంకె పిలుస్తాడు. నాలుగోవాడు 'అయిదు' అంటే, అయిదోవాడు తాను బతికే ఉన్నానన్నట్టు 'ఆరు' అంటాడు. పిలిచినవాడి మాట పిలిపించుకున్నవాడికి ఆజ్ఞ. కన్నతల్లి మాటైనా జవదాటవచ్చు గానీ గోడమీద ముందువాడి మాట దాటకూడదు. రేచనది తొమ్మిదో రాయి, దుగ్గనది ఎనిమిదో రాయి. ఆరేళ్ళుగా ప్రతి ఉదయం రేచన చెవిన పడే మొదటి మాట దుగ్గన బొంగురు గొంతులోని 'తొమ్మిది'. తండ్రి లేని రేచనకు ఆ పిలుపు వినబడితేనే తెల్లవారినట్టుండేది.

మరి ఒకటోవాణ్ణి పిలిచేదెవరు? వాడి ముందు ఒక ఖాళీ రాయి ఉంటుంది. దాని పేరు బోడిరాయి. దానిమీద ఎవడూ నిలవడు. దానిపైన వేలాడే నగారాను కింద నుంచి తాడు లాగి మోగిస్తారు, ఆ మోతకు ఒకటోవాడు 'రెండు' అని అందుకుంటాడు. కొలువులో చేరిన మొదటిరోజే రేచన తెలియక ఆ బోడిరాయి ఎక్కి నిలబడ్డాడు. నగారా మోగింది. ఒకటోవాడు మాత్రం తన ముందు ఒక మనిషి కనబడుతున్నాడు గనుక, వాడి నోటి నుంచి పిలుపు వస్తుందని వాడికేసి చూస్తూ ఉండిపోయాడు. ఒకటోవాడి కోసం రెండోవాడు, రెండోవాడి కోసం మూడోవాడు. మూడువందలమంది జాముసేపు బొమ్మల్లా నిలబడిపోయారు. చివరికి దుగ్గన వచ్చి చెంప ఛెళ్ళుమనిపించి దింపాడు. "ఖాళీగా ఉండాల్సిన చోట నువ్వు నిలబడితే లెక్క ఎక్కడ మొదలవుతుందిరా, వెర్రివెధవా?" అని తిట్టి, ఆపైన తన చద్దిమూట విప్పి సగం పెట్టాడు.

ధూమకంఠుడికీ ఈ ఆచారమంతా తెలుసు. పిశాచాలను కొలుస్తున్నాడని ఆ గోడమీంచి గెంటేసిన భటుడే వాడు. అక్కడి వరసపిలుపునే పొల్లు పోకుండా ఎత్తుకుపోయి మంత్రం కట్టాడు.

ఇద్దరూ ఉదయం చచ్చిన అంకభటుల శవాలు పొర్లించి, తమ ఒడ్డూ పొడుగూ సరిపోయేవాళ్ళను వెతికారు. రేచన నిలువు నూటనాలుగు వేళ్ళు. నూటనాలుగోవాడి నల్లకవచం తొడిగి, వాడి బిళ్ళ నుదుట కట్టుకున్నాడు. దుగ్గనకు నూటపదోవాడి కవచం అతికినట్టు సరిపోయింది.

"నూటపది, నా పాత జెండా అంకె. కలిసొచ్చిందిరా," అని నవ్వాడు దుగ్గన. గోడమీద పది రాళ్ళకొక జెండా ఉండేది. కన్ను పోకముందు ఇరవై ఏళ్ళు నూటపదో రాయి జెండా పట్టినవాడు అతను.

కొండ ఎక్కుతుండగా సగం దారిలో రాబందులు విరుచుకుపడ్డాయి. కవచాలు బూడిదవాసన వేస్తున్నా లోపలి పచ్చినెత్తురు వాటికి తెలిసిపోయింది. ఒకటి రేచన వీపున గోళ్ళు దించి అంచు మీదికి ఈడ్చింది. అతని కాళ్ళకింద రాయి జారి లోయలోకి పోయింది. దుగ్గన దాని మెడ రెండు చేతులా పట్టి చెరకుగడ విరిచినట్టు విరిచేశాడు. ఇంకొకటి అతని ఒక్కగానొక్క కంటికి గురిపెట్టి దిగింది. రేచన పడుకున్నచోటి నుంచే బల్లెం విసిరి దాన్ని కొండరాతికి గుచ్చేశాడు. మిగిలినవి చచ్చినవాటి మీద పడి పీక్కుతినసాగాయి. ఇద్దరూ పాకుతూ అక్కడి నుంచి తప్పించుకున్నారు.

కింద కనుమలోంచి కేకలు ఆగకుండా వినబడుతూనే ఉన్నాయి. "రెండువందల అరవై." కాళ్ళు నరికి ఆపండి, ప్రాణం తీయకండి అని దుగ్గన చెప్పి వచ్చాడు. కానీ నెత్తురు కారి చచ్చేవాణ్ణి ఎవడు ఆపగలడు? "రెండువందల అరవై ఒకటి."

గుహ గుమ్మం పాలరాతితో కట్టింది. కంబాలకు పగడపు తీగలు, తీగలకు కెంపుల పళ్ళు, పైకప్పు నుంచి వేలాడే పచ్చల గుత్తులు. ఆ సొగసుకింద రెండుచేతుల గొడ్డలి పట్టుకుని వందోవాడు నిలబడి ఉన్నాడు.

"యుద్ధం నుంచి వస్తున్నాం. గాయాలు," అన్నాడు దుగ్గన.

"నీ ముందెవడు? నీ తరువాత ఎవడు?" అని అడిగాడు వందోవాడు. అంకభటులకు ముఖాలతో పనిలేదు. ముందువాణ్ణీ తరువాతివాణ్ణీ చెప్పగలిగినవాడే వరసలోని మనిషి.

దుగ్గన ఆలోచించలేదు. అక్కడే వచ్చింది చేటు. జెండావాళ్ళ వరసపిలుపు వేరు, అది పదులలో నడుస్తుంది. నూటపదో జెండాకు ముందు జెండా నూరు, తరువాతది నూటఇరవై. ఇరవై ఏళ్ళ అలవాటు నోట్లోంచి దానంతట అదే ఊడిపడింది.

"నా ముందు నూరు."

నూటపదికి ముందు నూటతొమ్మిది అని రేచన మనసులో అనుకునేలోపే గొడ్డలి దిగిపోయింది. దుగ్గన డొక్క తెరుచుకుంది. అతను చప్పుడు లేకుండా గుమ్మానికి అడ్డంగా పడిపోయాడు. వెచ్చటి నెత్తురు రేచన ముఖాన చిమ్మింది.

గొడ్డలి మళ్ళీ లేచింది. "నీ ముందెవడు? నీ తరువాత ఎవడు?"

వాడి తల నరకాలని రేచన చేయి లాగింది. నరికితే గుహంతా మేలుకుంటుంది, దుగ్గన చావు వృథా అవుతుంది. పెదవి మీది నెత్తురు మింగి చెప్పాడు.

"నా ముందు నూటమూడు. తరువాత నూటఅయిదు."

గొడ్డలి పక్కకు తప్పుకుంది. రేచన తన ముందువాడైన దుగ్గనను దాటుకుని లోపలికి అడుగుపెట్టాడు.

లోపల గోడవారగా అంకభటులు వరసగా నిలబడి ఉన్నారు. గుమ్మంలోని వందోవాడి పక్కన తొంభైతొమ్మిదోవాడు, వాడికంటే ఒక వేలు తక్కువ. ఆ పక్కన తొంభైఎనిమిదోవాడు, ఇంకొక వేలు తక్కువ. మెట్లు దిగినట్టు తలలు దిగుతూ పోతున్నాయి. లోపలెక్కడో ఢమ్మని ఒక మోత. ఆ వెంటనే ఆ చివర నుంచి ఈ చివరకు ఒక గుసగుస పరుగెత్తుకొచ్చింది. ప్రతివాడూ తన తరువాతివాడి అంకె పలుకుతున్నాడు, పలికించుకున్నవాడి రొమ్ము ఊపిరితో లేస్తోంది. వందోవాడు "నూటొకటి" అని అరిస్తే ఆ కేక లోయలోకి దూకుతోంది. మళ్ళీ ఢమ్. ఆ పిలుపే వాళ్ళ ప్రాణమని రేచనకు అర్థమైంది.

యాభైయ్యోవాడు నడుముదాకా వచ్చాడు. ఇరవైయ్యోవాడు మోకాలిదాకా వచ్చాడు. పదోవాడు పిల్లి అంత ఉన్నాడు. వరస చివర నున్నటి రాతిపలక మీద ఒకటోవాడు నిలబడి ఉన్నాడు, చింతగింజంత. వాడి నుదుటి బిళ్ళ ఆవగింజంత ఉంది. సూదిలాంటి కత్తి దూసి రేచన మడమ మీదికి ఉరికాడు.

రేచన వాణ్ణి గోటికింద పేనును నొక్కినట్టు బొటనవేలితో నొక్కేశాడు. టప్పుమంది.

గుసగుస తెగిపోయింది. వరసలోని వాళ్ళంతా ఒక్కసారి తూలారు. కింద లోయలో అంకభటుడూ తూలాడేమో, జనం జయజయధ్వానాలు మొదలుపెట్టారు.

ఢమ్.

రాతిపలక మీద చిటికెడు బూడిద సుడితిరిగింది. ఒకటోవాడు దుమ్ము దులుపుకుని లేచి "రెండు" అన్నాడు. గుసగుస మళ్ళీ పరుగు అందుకుంది. జయజయధ్వానాలు ఏడుపులయ్యాయి.

"రెండువందల తొంభై ఎనిమిది," అని లోయలోంచి వినబడింది.

రేచన తలెత్తి చూశాడు. ఒకటోవాడి ముందు ఇంకొక రాతిపలక ఉంది. ఖాళీది. దానిపైన మనిషితోలు బిగించిన నగారా వేలాడుతోంది. కొట్టేవాడు లేడు, కర్ర దానంతటదే లేస్తోంది, దిగుతోంది. రేచన కత్తి ఎత్తి నగారాను రెండుగా నరికాడు. కత్తి పొగలోంచి పోయినట్టు పోయింది. మళ్ళీ నరికాడు. లేనిదాన్ని నరకడం ఎవడి తరం? ఒకటోవాడి ముందు ఉన్నది సున్న. దానికి ముందు ఇంకేమీ లేదు, దిగడానికి ఇక మెట్టు లేదు. అన్ని అంకెలూ లేచేది మాత్రం ఈ ఖాళీలోంచే.

"రెండువందల తొంభై తొమ్మిది."

అప్పుడు రేచన చెంప చురుక్కుమంది. ఆరేళ్ళనాటి దెబ్బ అది. లెక్క ఎక్కడ మొదలవుతుందిరా, వెర్రివెధవా?

మాంత్రికుడు గోడమీది ఆచారాన్ని పొల్లు పోకుండా ఎత్తుకొచ్చాడు. పొల్లు పోలేదంటే అందులోని తప్పు కూడా వచ్చే ఉంటుంది.

రేచన బోడిరాయి ఎక్కి నిలబడ్డాడు.

కర్ర దిగింది, నగారా మోగింది. కానీ ఒకటోవాడు అందుకోలేదు. తలెత్తి రేచన నోటికేసి చూస్తూ ఉండిపోయాడు. వాడికేసి రెండోవాడు, రెండోవాడికేసి మూడోవాడు. గుసగుస ఆగింది, ఊపిర్లు ఆగాయి. గుమ్మంలో వందోవాడి చేతిలోంచి గొడ్డలి జారిపడింది. కింద కనుమలో చస్తున్నవాడి నోటి నుంచి చివరి కేక అప్పటికే వెలువడింది. "మూడువందలు." గుంటలోంచి లేచిన ఆ మహాకాయుడు దుర్గం గోడమీద ఒక చేయి వేసి, కాలు ఎత్తి, ఎత్తిన కాలుతోనే బిగుసుకుపోయాడు.

"బాగుంది," అన్నారెవరో.

పొగలోంచి ధూమకంఠుడు వచ్చాడు. జానెడు పొడుగు మెడ, మెడనిండా చిల్లులు, ప్రతి చిల్లులోంచీ సన్నటి పొగ. చేతిలో పాముమెలికల కత్తి.

"ఈ గుహలో అంకె తప్పినవాడి మీద తప్ప కత్తి దిగదు. నేను కట్టుకున్న కట్టడే. కాబట్టి అందర్నీ అడిగేదే నిన్నూ అడుగుతాను. నీ ముందెవడు?"

రేచన గుమ్మంకేసి చూశాడు. అడ్డంగా పడి ఉన్న దుగ్గన కదలడం లేదు.

"నా ముందు ఎవడూ లేడు," అన్నాడు.

"నిజమే. సున్న దగ్గర నిలబడ్డవాడికి ముందెవడుంటాడు? మరి నీ తరువాత ఎవడు?"

మాంత్రికుడు పళ్ళు బయటపెట్టి కత్తి ఎత్తాడు. సున్న తరువాత ఒకటి. ఆ మాట అంటే పిలిచినట్టే. ఒకటోవాడు అందుకుంటాడు, మూడువందలోవాడు ఎత్తిన కాలు గోడకు అవతల పెడతాడు. అనకపోతే తప్పినట్టే. తల తెగుతుంది, శవాన్ని ఈడ్చేస్తే నగారాకు దారి మళ్ళీ దొరుకుతుంది. ఎటు చూసినా ఇరవై వేలమంది నెత్తురే.

"మూడు లెక్కపెడతాను," అన్నాడు ధూమకంఠుడు. "నీకు లెక్కలు ఇష్టం కదా."

గుమ్మం దగ్గర ఏదో ఈడ్చిన చప్పుడు. దుగ్గన మోచేతుల మీద పాకుతున్నాడు. అతని వెనక పాలరాతి మీద ఎర్రటి చార. తల ఎత్తలేకపోయాడు, ఒంటికన్ను మాత్రం పైకెత్తాడు. ప్రతి ఉదయం పిలిచిన ఆ బొంగురు గొంతుతోనే పిలిచాడు.

"తొమ్మిది."

రేచన ఆలోచించలేదు. ఆరేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతట అదే ఊడిపడింది.

"పది."

పాముమెలికల కత్తి సగంలో ఆగిపోయింది. ఎనిమిదోవాడు పిలవగా తొమ్మిదోవాడు పలికాడు, అందులో తప్పు లేదు. ఒకటోవాడి నుంచి తొమ్మిదోవాడి దాకా ఎవడూ కదల్లేదు. పిల్లి అంత పదోవాడు మాత్రం కళ్ళు తెరిచాడు. "పదకొండు," అన్నాడు. "పన్నెండు," అన్నాడు వాడి పక్కవాడు. గుసగుస లేచి గోడవారగా ఉరికి గుమ్మం దాటి లోయలోకి దూకింది. దుర్గం గోడమీంచి మహాకాయుడు చేయి తీసేశాడని కింది అరుపులే చెప్పాయి.

పిలిచినవాడి మాటే పిలిపించుకున్నవాడికి ఆజ్ఞ. పదోవాడి నుంచి వందోవాడి దాకా తొంభైఒక్కమంది రేచనవైపు తిరిగి కత్తులెత్తి నిలబడ్డారు. ముందూ తరువాతా చెప్పుకోవడానికి అంకే లేనివాడు ఆ గుహలో ధూమకంఠుడొక్కడే, వాడి కట్టడే ఇప్పుడు వాడి మీదికి కత్తిని దించుతుంది. వాడి మెడలోని పొగ ఆగిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి, వెనక గుమ్మంలో వందోవాడు కనబడి, అక్కడే నిలిచిపోయాడు.

"మామా," అన్నాడు రేచన.

దుగ్గన పలకలేదు. అతని కన్ను తెరిచే ఉంది, గుమ్మానికి ఇవతల. కానీ రేచన రాయి దిగితే నగారా మోగుతుంది, ఒకటోవాడు అందుకుంటాడు. దిగి ఆ కన్ను మూయడానికి లేదు. తన రాయి మీదే నిలబడి, చెంపల మీది కన్నీరూ నెత్తురూ తుడుచుకోకుండా, రేచన తన తరువాతివాళ్ళకు మొదటి ఆజ్ఞ ఇచ్చాడు.

"నరకండి."